ఒక్క పాట పెద్దమ్మగారు

ఒక్క పాటతోనే మిగిలిపోయిన గాయకుల్లో ఎవరు గొప్పో వరుస కట్టిన వీడియో ఒకటి పొద్దున ఫోన్లో చూశాను. ఏడో స్థానంలో, అమలాపురంలో మా పక్కింటి పెద్దమ్మగారి గొంతు!

ఆవిడ సినిమాలో ఒక్క పాటే పాడారని అమ్మ చెబితే, చిన్నప్పుడు నేను ఆవిడకి ఇంకో పాట రాదనుకున్నాను. బడిలో నోరే విప్పని దాన్ని, జాలేసి ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"పెద్దమ్మగారూ, నాకు వానపాట వచ్చండి. నేర్పనా?"

"ఆయ్, నేర్పమ్మా. మెల్లగా చెప్పాలి మరి."

రుబ్బుతున్న పప్పు వదిలి, చేతులు కడుక్కుని, నా ఎదుట బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నేను ఒక్కో ముక్క పాడితే బుద్ధిగా తిరిగి పాడారు. ఒక్కసారి కూడా నవ్వలేదు.

ఆవిడకి వందల కీర్తనలు వచ్చని పెద్దయ్యాక తెలిసింది. ఇవాళ నిండు తరగతిలో నిలబడి పాఠం చెబుతున్నానంటే, అది ఆవిడ పెట్టిన భిక్షే.