ఇన్‌బాక్స్‌లో చోటు

పలాసలో పాత ఫోన్లమ్మే కొట్లో కొన్నాను దాన్ని. మరీ ఖరీదైనదీ కాదు, మరీ చవకదీ కాదు. పైభాగం బొటనవేలితో పైకి తోస్తే కింద మీటలు బయటపడే రకం. ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాడికి మెసేజ్‌లెందుకని అక్క వెక్కిరించింది. కానీ ఆ మీటలు వెడల్పుగా, ఒక్కోటీ వేలికి తెలిసేలా ఉండేవి. చూడకుండానే రాసేసేవాణ్ణి. కంచిలి దగ్గర మా కొబ్బరితోటల్లో సిగ్నల్ ఒక్క గీతే. ఆ గీత మీద మాట సగంలో తెగిపోయేది, మెసేజ్ మాత్రం ఎలాగో దూరి వచ్చేసేది.

ఆ సుగుణమే నా కొంప ముంచింది. టెక్కలిలో రక్తపరీక్షలు చేసేచోట నాకు వరసకు తమ్ముడయ్యే కుర్రాడు పనిచేసేవాడు. అప్పటికే మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇల్లిల్లూ తిరుగుతోంది. కారణం కొందరు నీళ్లన్నారు, కొందరు ఇంకేదో అన్నారు. నిజం ఎవరికీ తెలీదు. రక్తమిచ్చి వచ్చినవాళ్లు కాగితం కోసం మళ్లీ బస్సెక్కకుండా, రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో అతను నా ఫోన్‌కి పంపేవాడు. పేరు, పక్కన అంకె. అంతే. ఒకటికి అటూఇటూగా ఉంటే నాకు టీ ఇప్పించేవాళ్లు. బాగా పెరిగితే ఆ ఇంటి మీదుగా కాకుండా వేరే దారిన పోయేవాణ్ణి.

నాకేమో నోరు ఊరుకోదు. "ఈ పరీచ్చలో తక్కువ మార్కులొచ్చినోడే పాసు" అనేవాణ్ణి. మొదట్లో నవ్వారు. తరవాత్తరవాత నేను ఫోన్ తెరిచిన చప్పుడు వింటే టీకొట్టు దగ్గర మాటలు ఆగిపోయేవి.

దాని లోపాలకేం, చాలానే. సముద్రపు ఇసక గాడిలో దూరి కరకరలాడేది. ఉప్పుగాలికి లోపలేదో దెబ్బతిని, తెరవగానే ఒక్కోసారి తెర తెల్లబోయేది. మూసి తెరిస్తే మళ్లీ దారికొచ్చేది. అసలు లోపం దాని కడుపు చిన్నది. నిండిపోతే కొత్త మెసేజ్ లోపలికి రాదు. ఉత్తరం బొమ్మ ఒకటి మినుకుమినుకుమంటూ గుమ్మంలోనే నిలబడుతుంది.

మా బావ, అంటే అక్క మొగుడు, రక్తమిచ్చి వచ్చిన మర్నాడు జరిగింది అదే. పాదాలు ఉబ్బుతున్నాయని అక్క పోరి పోరి పంపింది. తోటలో ఇద్దరం కాయలు వలుస్తుంటే బొమ్మ మినుకుమంది.

"వచ్చిందేట్రా?" అన్నాడు బావ, గునపానికి గుచ్చిన కాయ మీద నుంచి చూపు తిప్పకుండా.

"వచ్చింది గానీ బావా, లోపల సోటు లేదు. ఒకటి తీసీసి నీది ఎక్కించాలి."

"బస్సేట్రా అది? ఎవుడో ఒకడ్ని దించీ."

తెరిచి కిందికి జరుపుకుంటూ పోయాను. అన్నీ పేర్లూ అంకెలే. కొందరు విశాఖపట్నం పోయి రక్తం శుద్ధి చేయించుకుంటున్నవాళ్లు. వాళ్లను తీయడానికి వేలు రాలేదు. చివరికి మొన్న వానాకాలంలో పోయిన పక్కింటి ముసలాయన పేరు దగ్గర ఆగాను.

"ఎవుల్నిరా?"

"పక్కింటి తాతని."

బావ వలిచిన కాయని కుప్పలోకి విసిరాడు. "ఆయన ఎలాగూ దిగిపోనాడు గదా. నొక్కీ."

నొక్కాను. ఆ ఖాళీలోకి బావ పేరు వచ్చి కూర్చుంది. పక్కన అయిదు, చుక్క, రెండు.

నాలిక చివరికొచ్చిన వేళాకోళం అక్కడే ఎండిపోయింది. బావకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. ఫోన్ లాక్కుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"మీ అక్కకి నానే సెప్తాను. నువ్వు నోరిప్పకు" అన్నాడు. తరవాత ఫోన్ నా ఒళ్లో పడేసి, "ఒరే, ఊరందరిదీ ఇందులో ఉంది. నీదేదిరా?"

"నాకేటి బావా, గుండ్రాయిలాగున్నాను."

"మొన్నటిదాకా నానూ గుండ్రాయినే. ఇద్దరం ఒకే బోరు నీల్లు తాగినోలం కాదేటి? రేపు డాక్టరు కాడికి నాతో వొచ్చీ. ఆ టెక్కలి గుంటడికి ఇప్పుడే రాయి."

నా పేరు రాశాను. రేపు పరగడుపున రావాలా అని అడిగి, పంపాను. బావ మళ్లీ కాయ అందుకున్నాడు. సాయంత్రానికి కాయలకి లారీ వస్తుంది.

దాహమేసింది. చెట్టు మొదట్లో ఉన్న బోరు నీళ్ల బిందెలోంచి గ్లాసుతో ముంచి, పట్టుకుని నిలబడ్డాను. తోటలో ఇంకే నీళ్లూ లేవు. బావ నన్నే చూస్తున్నాడు. తాగాను.