అల్లుడిగారికి దారికూడు

మా పెద్దమ్మ పోయిందని సోమవారం పొద్దున్నే కబురొచ్చింది. ఆవిడ మీకు తెలిసుండదు. దెబ్బతిన్న జంతువుల్నీ పక్షుల్నీ సాకే మా కేంద్రం అరకు దగ్గరుంది. అక్కడ ఊడ్చి, కడిగి, చేపలు శుభ్రం చేసే మనిషి ఆవిడ. చుట్టరికం ఏమీ లేదు. మేమంతా పెద్దమ్మా అని పిలిచేవాళ్లం, ఆవిడ మమ్మల్నందర్నీ తిట్టేది. ఒక్క రాత్రి జ్వరం, అంతే. కబురు వినగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట చెప్పడానికి సిగ్గేస్తోంది: "అయ్యో, ఇప్పుడు అల్లుడికి ఎవరు పెడతారు?"

అల్లుడంటే గూడబాతు. ముక్కు కింద సంచి వేలాడే ఆ పెద్ద పక్షే. జలాశయంలో వలకి చిక్కి రెక్క విరగ్గొట్టుకుంటే మా దగ్గరికి తెచ్చారు. ఇంక ఎగరలేదు. వచ్చిన కొత్తలో ఒక్క చేప ముట్టలేదు. దాన్ని చూసుకునే పని నాది. బాల్చీ నిండా చేపలు తెచ్చి దాని ముందు పెట్టి గుడ్లప్పగించి నిలబడేవాణ్ణి. అది నన్ను చూసేది, నేను దాన్ని చూసేవాణ్ణి, ఈగలు చేపల్ని చూసేవి. మూడోరోజు డాక్టరుగారు ఇంక గొట్టం వేసి పట్టించాల్సిందే అన్నారు.

పక్కనే చీపురు పట్టుకున్న పెద్దమ్మకి ఒళ్లు మండింది.

"ఓరి గుంటడా! కొత్తల్లుడు అలిగితే ఇలాగేటి సేత్తారు? బాల్టీలో పడేసి, మీదపడి సూత్తంటే ఎవుడు తింటాడు? నువ్వు తింటావేటి?"

అడ్డాకులతో కుట్టిన విస్తరి ఒకటి తెచ్చి పరిచింది. చేపలు వరసగా పెట్టింది. "బోంచెయ్యండి బాబూ" అంది. ఆరేళ్లలో నన్ను ఒక్కసారి "అండి" అన్న పాపాన పోలేదు సుమండీ! పెట్టి, దానికి వీపు తిప్పి, తన గూడెం ఉన్న కొండకేసి చూస్తూ కూర్చుండిపోయింది. పావుగంటకి వెనక చప్పుడైంది. చూస్తే విస్తరి ఖాళీ.

ఆ రోజునుంచి గూడబాతు కాస్తా అల్లుడుగారైపోయాడు. "నీకు కూతురే లేదు కదా, అల్లుడెక్కణ్ణించి వచ్చాడు?" అని ఏడిపించేవాణ్ణి. "కూతురుంటే ఆల్లింట్లో ఉండీవోడు, నా కాడెందుకుంటాడు?" అనేది. చూడ్డానికొచ్చిన జనం ఫోన్లెత్తితే చీపురెత్తేది, "మడిసి తింటంటే ఫొటోలేటి?" అని. ఒకసారి అల్లుడు డాక్టరుగారి కాగితాలు లాక్కుని సంచిలో వేసుకున్నాడు. ఆయన లబోదిబోమంటుంటే పెద్దమ్మ తాపీగా, "ఉండండి బాబూ, సదువుకుంటన్నాడు" అంది.

విస్తరి ఖాళీ అయ్యాక అల్లుడు వెనకనుంచొచ్చి ఆవిడ భుజం మీదుగా ముక్కు చాపేవాడు. కొంగుమూటలో ఒక చేప దాచి ఉంచేది. "ఇది దారికి బాబూ" అని తీసి ఇచ్చేది.

"ఏ దారికే పెద్దమ్మా? ఎగరలేడు కదా" అన్నానొకసారి.

ఆవిడ గొంతు తగ్గించింది. "ఎగరనేకపోతే ఏటి? ఎల్లలేడని దారికూడు మానేత్తే, ఆడికి తెలిసిపోదేట్రా?"

నేను బాల్చీ తీసుకుని కడగడానికి వెళ్లిపోయాను.

ఆవిణ్ణి సాగనంపి మంగళవారం తిరిగొచ్చేసరికి అల్లుడు రెండ్రోజులుగా పస్తు. విస్తరి వేశాను. తినలేదు. సందర్శకులందరి ముందూ చేతులు కట్టుకుని, "బోంచెయ్యండి అల్లుడుగారూ" అని బతిమాలాను. ఎవరో వీడియో కూడా తీశారు. ఊహూఁ. గురువారానికి మెడ వాల్చేసింది. "రేపు పొద్దున్న గొట్టం వేసేద్దాం. కానీ ఇంత నీరసంలో తట్టుకుంటుందని నమ్మకం లేదు" అన్నారు డాక్టరుగారు.

సాయంత్రం మళ్లీ విస్తరి వేసి ఎదురుగా నిలబడ్డాను. తింటుందా చస్తుందా అని కళ్లార్పకుండా చూస్తున్నాను. అప్పుడు తట్టింది, ఓరి నా మతిమండా, చేస్తున్నది మొదటిరోజు పనే కదా! మళ్లీ మీదపడి చూస్తున్నాను.

వెనక్కి తిరిగి ఆవిడ కూర్చునే చోట కూర్చున్నాను. ఎదురుగా ఆవిడ కొండ. నాలుగు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. అల్లుడి గొడవలో పడి పెద్దమ్మ కోసం ఏడవడమే మర్చిపోయాను. ముక్కు చీదుకుంటూ ఎంతసేపున్నానో తెలీదు. వెనక చప్పుడైంది. మళ్లీ అయ్యింది. తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది గానీ చూడలేదు. కాసేపటికి భుజం మీదుగా తడి ముక్కొకటి వచ్చి నా ఒళ్లో వెతకడం మొదలెట్టింది. కొంగు లేదు, మూట లేదు. ఖాళీ చేతులు చూపించి, "తప్పయిపోయింది బాబూ, రేపు తెస్తాను" అన్నాను.

ఇప్పుడు రోజూ నా ఖాకీ చొక్కా జేబులో ఒక చేప ఉంటుంది. ఆ చొక్కా ఉతకనని మా ఆవిడ తెగేసి చెప్పింది, నేనే ఉతుక్కుంటున్నాను. సాయంత్రం కొండకేసి తిరిగి కూర్చుంటాను. ముక్కు వచ్చి భుజం మీద ఆనగానే జేబులోంచి తీసి, వెనక్కి చూడకుండానే అందిస్తాను.

"ఇది దారికండి."