మందను పిలిచిన టీవీ

ఉదయగిరి కొండ కనబడే ఒక చిన్న ఊళ్ళో, రెండు గదుల ప్రాథమిక బడిలో నేనూ నా భార్యా కలిసి చాలా ఏళ్ళు పనిచేశాం. గోడకు బిగించే పెద్ద టీవీ బడికి వచ్చినప్పుడు దుమ్ము పడుతుందని నేను దానికి గుడ్డ కప్పాను. ఆమె ఆ గుడ్డ తీసి బల్లలు తుడవడానికి వాడింది.

పోయిన ఏడాది ఆమె చనిపోయింది. పాఠాలు రాసుకున్న నోటుబుక్కూ, ఆమె ఫోనూ నా దగ్గర మిగిలాయి. నా ఫోను పాతది కావడంతో బడి పనికి ఆమెదే వాడటం మొదలుపెట్టాను. అందులో ఆమె గొంతుతో రికార్డు చేసినవి చాలా ఉన్నాయి. దేనికీ పేరు లేదు, వరసగా అంకెలే. వాటిని నేను తెరవలేదు.

నోటుబుక్కులో చివరి పాఠం ‘ఊరి చప్పుళ్ళు’. పిల్లలు ఊళ్ళోంచి తలా ఒక చప్పుడు పట్టుకురావాలి. టీవీలో అది వినిపిస్తే మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని విని, ఏమిటో బొమ్మ వేయాలి. ఆ పాఠం చెప్పకుండానే ఆమె వెళ్ళిపోయింది. సంక్రాంతి సెలవులయ్యాక నేను మొదలుపెట్టాను. ఆ ఫోన్ పట్టుకుని పిల్లలతో ఇల్లిల్లూ తిరిగాను. ఒకడు పిండిమర చప్పుడు ఇచ్చాడు. ఒకమ్మాయి వాళ్ళమ్మ తిట్లు తెచ్చింది. నాలుగో తరగతిలో గొర్రెల కాపరుల పాప ఒకతె నన్ను వాళ్ళ అవ్వ దగ్గరికి తీసుకుపోయింది.

అవ్వ ఫోన్ వైపు చూసి, “దీంట్లో అరిస్తే ఎవురొస్తారు అయ్యవారా? నువ్వొస్తావా?” అంది.

“వస్తాలే అవ్వా, పిలువు.”

ఆమె నాలుక ఆడించి “టుర్ర్ర్... దా, దా, దా” అని పిలిచింది. దొడ్లో గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయి.

అప్పుడే పాప నాయన చెప్పాడు, వచ్చే వారం మందతో తూర్పు పొలాలకు పోతున్నామని. కోతలైన మళ్ళలో ఎరువు కోసం మంద కట్టి, నాలుగు నెలల తర్వాత వస్తారు.

“పాపను కూడా తీసకపోతా ఉండా సార్. గొర్రెలు మాయమ్మ మాట ఇంటాయి, లేదంటే ఈ పిల్ల మాట. నేను పిలిస్తే తలకాయ కూడా ఎత్తవు. మాయమ్మకు మోకాళ్ళు పోయినాయి, ఇంక నడవలేదు. ముందర పిలస్తా నడిచే మనిషి కావల్ల గదా.”

“పరీక్షలు రాసి వస్తా నాయనా” అంది పాప.

పాప అక్క కూడా ఇలాగే నాలుగో తరగతిలో మంద వెంట వెళ్ళింది. మళ్ళీ బడికి రాలేదు. నేను చెప్పగలిగిందంతా చెప్పాను. అతను తల ఊపాడు, అంతే.

సోమవారం పాఠం పెట్టాను. వెనక వరసకు వినబడాలని టీవీ శబ్దం బాగా పెంచాను. తలుపులు తీసే ఉన్నాయి. మందలు మేతకు పోయే వేళ అదేనన్న సంగతి నాకు తట్టలేదు. అవ్వ పిలుపు రెండోసారి వినిపించేసరికి పిల్లలు కళ్ళు మూసుకుని విని, బొమ్మలు వేస్తున్నారు. ఒకడు కోడిని వేశాడు.

“సార్, గొర్రెలు” అంది పాప.

“చెప్పకూడదమ్మా, వాళ్ళు కనుక్కోవాలి.”

“కాదు సార్. వస్తా ఉండాయి.”

గేటులోంచి, వరండా మీదుగా, మంద మొత్తం గదిలోకి వచ్చింది. పిల్లలు బెంచీలెక్కారు. ఒక పొట్టేలు ఎక్కాల చార్టు అంచు నమలసాగింది. వెనకే పాప నాయన కర్ర పట్టుకుని పరుగున వచ్చాడు.

“ఎవురు సార్ పిలిచింది? మాయమ్మ యాడుండాది?”

పిల్లలందరూ టీవీ వైపు చూపించారు. అతను కాసేపు దాన్నే చూశాడు.

“ఇంకోసారి పెట్టండి సార్.”

పెట్టాను. గొర్రెలన్నీ టీవీ వైపు తిరిగాయి. నాకన్నా ముందు పాపకు అర్థమైంది.

“నాయనా, నీకు ఫోనుండాది గదా!”

ఆ సాయంత్రం అతను, నీ పిలుపు ఫోన్లో పట్టుకుపోనా అని అవ్వను అడిగితే, “పోనీరా. మోకాళ్ళ నొప్పి నా గొంతుకేముండాది?” అంది. అతను ఆత్మకూరు పోయి మెడలో వేసుకునే చిన్న స్పీకరు కొనుక్కొచ్చాడు. నేను రికార్డు పంపాను. పాప అవ్వ దగ్గరే ఉండిపోయింది.

మొదటి రెండు రోజులూ గొర్రెలకు తెలిసిన దారే కనుక పిలవాల్సిన పని పడలేదట. మూడో రోజు లెక్కల పీరియడ్‌లో ఫోన్ వచ్చింది. పాప నాయన. పిల్లలకూ వినబడేలా పెట్టాను.

“ఏంది సార్ మీరు పంపినది? ఆత్మకూరు కాడ రోడ్డు మీదుండాం. నొక్కితే మేడమ్ గొంతొచ్చినాది. అందరూ చేతులు కట్టుకుని మాట్లాడకుండా కూర్చోండి అంటా ఉండాది. గొర్రెలన్నీ నిలబడిపోయినాయి! ఎనకాల లారీలోళ్ళు హారన్ కొడతా ఉండారు. పిల్లకాయలే అనుకున్యా, నా గొర్రెలు కూడా మేడమ్ మాట ఇంటాయి సార్!”

అంకెల్లో ఒకదానికి బదులు ఇంకొకటి పంపాను. పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె పోయాక ఆ గదిలో నేను నవ్వడం అదే మొదలు.

పాప వచ్చి ఫోను తీసుకుంది. “నాయనా, స్పీకరు పైకెత్తు” అని చెప్పి అవ్వలాగే గొర్రెల్ని పిలిచింది. తక్కిన పిల్లలు కూడా గొంతు కలిపారు. అటు నుంచి గొర్రెల అరుపులు, వాటి వెనక హారన్లు వినిపించాయి.

“చాల్లే, చాల్లేమ్మే, కదిలినాయి. పోయి లెక్కలు చేసుకో!”

పిల్లల చప్పుళ్ళు ఆమె రికార్డులతో కలిసిపోయి, అవ్వ గొంతు ఏ అంకె కింద ఉందో తెలియక ఆ సాయంత్రం ఒక్కొక్కటీ తెరిచి విన్నాను. తొందరపడలేదు. చీకటి పడే ముందు సరైనది పంపాను.

పాప పరీక్షలన్నీ రాసింది. బడులు తెరిచాక వాళ్ళ నాయన తనే వచ్చి ఐదో తరగతిలో కూర్చోబెట్టాడు. నేను పొరపాటున పంపిన రికార్డు ఫోన్లోంచి తీసేశావా అని అడిగాను.

“ఎందుకు తీసేస్తాను సార్? మందను నడిపేదానికి మాయమ్మ, నిలిపేదానికి మేడమ్.”