నూట పన్నెండు తర్వాత నూట ఇరవై తొమ్మిది

పుస్తకాలు చదివేవాళ్లంటే నాకు అసహ్యం పుట్టి ఏడాది కావస్తోంది. చదవనివాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. వాళ్లు కొబ్బరి దింపు, రొయ్యల చెరువు, పిల్లల ఫీజులు అంటూ తమ గొడవేదో తాము పడతారు, ఎవరినీ మోసం చెయ్యరు. నా రోతంతా పుస్తకం పట్టుకుని ఫొటో దిగేవాళ్ల మీద. ఆ ఫొటోల్లో నేనూ ఉన్నాను కనక అది మరికాస్త ఎక్కువ.

మలికిపురం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచరమ్మని నేను. నాలుగైదేళ్ల కిందట అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు చదువరులం కొంతమంది కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఆదివారం పొద్దున్న ఒకరు తాము చదివిన పుస్తకం గురించి నాలుగు మాటలు రాయాలి, మిగతావాళ్లు చదవాలా వద్దా తేల్చుకోవాలి. మొదట్లో బాగానే ఉండేది. "చదివేనండి, నాకస్సలు నచ్చలేదండి" అని ఎవరో ఒకరు అనేవారు. దాని మీద మధ్యాహ్నం దాకా కొట్టుకునేవాళ్లం. ఆ కొట్లాటల్లోనే నాకు మంచి పుస్తకాలు దొరికాయి.

తర్వాత గ్రూపులోకి రచయితలు వచ్చారు. దాంతో అయిపోయింది. మా వైపు రచయితని ఎదురుగా పెట్టుకుని పుస్తకం బాగాలేదనడం, పెళ్లి భోజనాల్లో కూర్చుని పప్పులో ఉప్పు లేదని అరవడంతో సమానం. ఎదుటివారు ఏం చెప్పినా ముందు "ఆయ్" అనాలి, ఆ తర్వాతే ఆలోచించాలి. ఆలోచించకపోయినా ఫరవాలేదు. కాబట్టి ఆదివారం పొద్దున్న ఎవరు ఏ పుస్తకం పెట్టినా "చాలా బాగుందండి", "కళ్లు చెమర్చేయండి", "తప్పక చదవాల్సిన పుస్తకమండి" అని వరసగా వచ్చిపడేవి. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు. పుస్తకం ఫొటోకి పక్కన ఏదో ఒకటి ఉండి తీరాలి. కాఫీ గ్లాసు, గన్నేరుపూలు, పూతరేకుల పళ్లెం. ఒకాయన దిండి వెళ్లి హౌస్‌బోటు ఎక్కి, పుస్తకం గుండెలకి ఆనించుకుని గోదావరి వైపు చూస్తూ ఫొటో తీయించుకున్నాడు. ఆయన మా గ్రూపులో పేరున్న సమీక్షకుడు. ఆ ఫొటో చూసి తిట్టుకుంటూనే దానికి దణ్ణం బొమ్మ పెట్టాను.

ఇప్పుడు పిన్నిగారి గురించి చెప్పాలి. ఆవిడ నాకు చుట్టం కాదు. రాజోలు దాటాక ఒక చిన్న ఊళ్లో ఉంటారు. అంగన్‌వాడీలో పనిచేసి మానేశారు. భర్త మస్కట్‌లో పనిచేసిన పద్దెనిమిదేళ్లూ ఆవిడకి పుస్తకాలే తోడు. ఆయన తిరిగొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు, ఆయన పోయాక ఇంకా పెరిగింది. గ్రూపు పెట్టిన కొత్తలో అమలాపురంలో కలుసుకున్నప్పుడు వెనక వరసలో కూర్చుని, నేను చెప్పిన పుస్తకం పేరు మళ్లీ అడిగి నోటుబుక్కులో రాసుకున్నారు. ఆవిడది బటన్ల ఫోను, గ్రూపులో ఉండే వీల్లేదు. అందుకని ఆదివారం సాయంత్రం నాకు ఫోన్ చేసేవారు. "ఏవండీ టీచరుగారూ, ఈ వారం ఏం చదవమంటారండీ?"

కిందటేడు ఆవిడ కళ్లకి జబ్బు చేసింది. కాకినాడ డాక్టరు పరీక్షలు చేసి, కంటి నరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో కొన్నాళ్లు నిలబెట్టగలమని చెప్పాడట. పొద్దున్న తొమ్మిది నుంచి వెలుతురు బాగున్నంతసేపూ వీధి వసారాలో కూర్చుని, భూతద్దం పెట్టుకుని రోజుకి పది పేజీలు చదివేవారు. ఫోన్లో పుస్తకాలు వినొచ్చు కదా, ఒక మంచి ఫోను కొనిపిస్తానన్నాను.

"వింటే నిద్రొచ్చేస్తదండి. చదివితేనే చదివినట్టుంటదండి" అని నవ్వారు. "లెక్కేసుకున్నానండి. ఈ కళ్లకి ఇంకో పది పన్నెండు పుస్తకాలుంటాయేమోనండి. అందుకే ఏవి పడితే అవి వద్దండి. మీరు చదివి, మంచిదన్నవే చదువుతానండి."

ఆయ్, అలాగేనండి అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పటికి కొన్నాళ్ల ముందు మా గ్రూపులోని ఒక రిటైరైన వ్యవసాయాధికారి నవల వేసుకున్నాడు. అమలాపురంలో సభ జరిగింది. శాలువాలు, జ్ఞాపికలు, నాలుగు గంటల ఉపన్యాసాలు, చివర ఉప్మా. వచ్చినవాళ్లందరికీ సంతకం పెట్టి తలో కాపీ ఇచ్చాడు. హౌస్‌బోటు సమీక్షకుడు ఒక చిన్న పత్రికలో రెండు పేజీల వ్యాసం రాసి, "నూట ఇరవయ్యో పేజీలోని నదీ వర్ణన ఒక్కటి చాలు, ఈ రచయిత కలం బలం తెలియడానికి" అన్నాడు. నా కాపీ ఫ్రిజ్ మీదే ఉండిపోయింది. దాని మీద ఒకటి రెండుసార్లు కూరగాయల సంచీ కూడా పెట్టాను.

నా ఆదివారం వచ్చింది. పరీక్ష పేపర్లు దిద్దుతున్న రోజులు, ఆ నెలంతా నేను ఒక్క పుస్తకం ముట్టలేదు. చదవలేదండి అని రాస్తే సరిపోయేది. ఎవరూ ఉరి తియ్యరు. కానీ నేనంటే గ్రూపులో "టీచరుగారు చెప్తే పుస్తకం బాగున్నట్టేనండి" అనే పేరొకటి ఉంది. ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టం లేక ఫ్రిజ్ మీద పుస్తకం దులిపి, పిట్టగోడ మీద మందారం పక్కన పెట్టి ఫొటో తీశాను. సమీక్షకుడి వ్యాసంలోంచి నాలుగు వాక్యాలు ఏరి, మాటలు అటూ ఇటూ మార్చి రాశాను. గంటలో ముప్ఫై దణ్ణాలు. రచయిత "ధన్యోస్మి" అన్నాడు. సాయంత్రం పిన్నిగారు ఫోన్ చేస్తే అదే పుస్తకం పేరు, అవే వాక్యాలు చెప్పాను. ఇంకో పేరు ఆలోచించే ఓపిక లేక చెప్పాను, అంతే. మర్నాడు నా కాపీనే స్కూలు ఆటో అతనిచేత పంపించాను.

మూడు వారాలకి ఆవిడ ఫోన్ వచ్చింది. ఆదివారం కాదు, మధ్యలో.

"టీచరుగారూ, చిన్న సాయం కావాలండి. ఇందులో కొన్ని పేజీలు లేవండి. నూట పన్నెండో పేజీలో ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా రేవులో పడవెక్కేసిందండి. మొగుడు ఉత్తరాలు రాయడం మానేసేడు కదండీ, అందుకని. ఆ తర్వాత మళ్లీ తొంభై ఏడో పేజీ వచ్చిందండి."

"మళ్లీనా అండీ?"

"ఆయ్. నా కళ్లే మోసం చేసేయేమో, పేజీలు వెనక్కి తిరిగిపోయేయేమో అనుకుని ఆ పదహారు పేజీలూ మళ్లీ చదివేనండి. మళ్లీ పడవెక్కిందండి. తర్వాత చూస్తే నూట ఇరవై తొమ్మిదండి. అందులో ఆవిడ ముసలిదైపోయి సంతలో కొబ్బరికాయలు బేరమాడుతోందండి. మధ్యలో మొగుడొచ్చేడాండీ, రాలేదాండీ? ఎవరి కాపీలోనైనా చూసి కొంచెం చెప్తారాండీ?"

రెండు రోజుల చూపు. చదివిందే మళ్లీ చదవడానికి ఆవిడ రెండు రోజుల చూపు ఖర్చుపెట్టారు. నేను పంపిన పుస్తకానికి.

ప్రెస్సులో ఒక ఫారం, అంటే పదహారు పేజీల కట్ట, రెండుసార్లు కుట్టి, తర్వాతి ఫారం వదిలేశారన్నమాట. ఒక కాపీలో అలా జరగడం మామూలే అనుకుని గ్రూపులో అడిగాను. "నా కాపీలో 113 నుంచి 128 దాకా పేజీలు లేవండి. ఎవరైనా ఫొటోలు తీసి పంపగలరా?"

రెండు దణ్ణాలు వచ్చాయి. ఒక గులాబీ వచ్చింది. "మంచి నవలండి, ముగింపు దగ్గర ఏడ్చేసేనండి" అని ఒకామె మళ్లీ రాసింది. ఒకరి కాపీ బావగారు పట్టుకెళ్లారట. ఒకరిది పక్కింటివాళ్లు ఇవ్వలేదట. ఒకాయన సాయంత్రం పంపుతానండి అన్నాడు, ఆ సాయంత్రం ఇంతవరకూ రాలేదు. నేను ఊరుకోలేదు. ముమ్మిడివరంలో ఒకరింటికి, అమలాపురంలో ఇద్దరిళ్లకి వెళ్లి మరీ పుస్తకం తీయించాను. ఒక ఇంట్లో అది ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా టీవీ కింద ఉంది. మూడిళ్లలోనూ ఒకటే కథ, నూట పన్నెండు తర్వాత తొంభై ఏడు. సమీక్షకుడికి ఫోన్ చేశాను.

"మీరు నూట ఇరవయ్యో పేజీలో నది వర్ణన గురించి రాసేరు కదండీ. ఆ పేజీ ఒక్కటి పంపిస్తారా?"

"అది నా దగ్గర ముందే ఉన్న రాతప్రతిలోదండి" అన్నాడు. గొంతులో తడబాటు కూడా లేదు. నాకు ఎంత వెగటు పుట్టిందంటే ఫోను తుడిచి పక్కన పెట్టాను. ఆ తర్వాతే గుర్తొచ్చింది, పిన్నిగారిచేత ఆ పుస్తకం చదివించినవి ఆయన వాక్యాలే, నా నోటితో. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా పిడికిలి అందరికంటే పెద్దది.

చివరికి రచయితకే ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. ఆయన గ్రూపులో నా మెసేజీ చూడనే లేదట, ముందు నమ్మలేదు. లోపలికెళ్లి తన దగ్గరున్న కాపీలు ఒక్కొక్కటే తిరగేస్తున్నట్టు చప్పుడు వినిపించింది.

"అచ్చయ్యేక నేనూ చదవలేదండి. ఫొటోలున్న పేజీలు చూసుకున్నానండి" అన్నాడు. "పుస్తకం వచ్చి ఏడు నెలలైందండి. ఎంతమంది సన్మానాలు చేసేరండీ! అంటే నూట పదమూడో పేజీ దాకా ఒక్కరూ రాలేదన్నమాటండి" అన్నాడు.

"ఒకావిడ వచ్చేరండి" అన్నాను. ఆవిడ కళ్ల సంగతి చెప్పాను.

రెండో రోజు ఆయనే స్కూటరు మీద మా స్కూలుకి వచ్చి ఒక కవరు ఇచ్చాడు. ఆ పదహారు పేజీలూ కంప్యూటర్లో పెద్ద పెద్ద అక్షరాలు చేయించి తెచ్చాడు. నన్ను ఏమీ అడగలేదు. ఆ ఆదివారం నా నాలుగు వాక్యాలకి ధన్యోస్మి అన్న మనిషి నా మొహంలోకి చూడకుండా వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున్న రాజోలు వెళ్లి అక్కణ్నుంచి ఆటో ఎక్కాను. ఆటోలో ఆ పేజీలు చదివాను. పెద్ద గొప్ప రాత కాదు గానీ నిజాయితీగా ఉంది. నూట ఇరవయ్యో పేజీలో నదీ లేదు, వర్ణనా లేదు. ఆ పిల్ల అవతలి రేవులో, ఎవరింటి పెరట్లోనో అంట్లు తోముతోంది.

పిన్నిగారు వసారాలో నా కోసమే కూర్చుని ఉన్నారు. ఆవేళ కళ్లు మంటగా ఉన్నాయని నన్నే చదవమన్నారు. చదివాను. మొగుడు రాలేదు. ఆవిడ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని విన్నారు. అయిపోయాక, "రాడని నాకు తెలుసండి" అన్నారు. కొంచెంసేపటికి నా వైపు తిరిగి, "ఈ పుస్తకంలో మీకేం నచ్చిందండీ?" అని అడిగారు.

నిలదీయడానికి అడగలేదు. ఇద్దరు చదువరులు మాట్లాడుకునేటప్పుడు అడిగే మామూలు మాట అది. అబద్ధానికి నాలుగు వాక్యాలు నా నాలిక మీద సిద్ధంగానే ఉన్నాయి. వాటిని మింగేశాను.

"నేను చదవలేదండి" అన్నాను. "ఇవాళ ఆటోలో చదివిన ఈ పదహారు పేజీలేనండి."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే కాళ్ల మీద పడి ఇంటికి వెళ్లిపోయేదాన్ని. లేచి లోపలికి వెళ్లి నోటుబుక్కు తెచ్చారు. ఇంకా చదవాల్సిన పుస్తకాల పేర్లు ఒక పేజీలో వరసగా రాసి ఉన్నాయి, పదకొండు. అన్నీ నేను ఆయా ఆదివారాల్లో చెప్పినవే. కింద కింద పేర్లకి వచ్చేసరికి అక్షరాలు పెద్దవయ్యాయి, గీత దాటి వంకరపోయాయి.

"వీటిలో మీరు చదివినవాటికి టిక్కు పెట్టండి" అని పెన్ను ఇచ్చారు.

చాలాసేపు పట్టింది. నాలుగింటికి పెట్టాను. ఆవిడ నోటుబుక్కు తీసుకుని, భూతద్దం ఆనించి, ఒక్కొక్క టిక్కూ వేలితో తడుముతూ చూసుకున్నారు.

"ఈ నాలుగూ చివరిదాకా చదివేరాండీ?"

నేను పెన్ను మళ్లీ తీసుకుని ఒక టిక్కు మీద అడ్డగీత గీశాను.