చుట్టూ ఖాళీ లేని బిళ్ళ

బరంపురంలో నేను పనిచేసే ల్యాబులో, రోగి రక్తంలో దొరికిన ఈస్టును, అంటే బూజు జాతి క్రిమిని, ప్లేటు మీద పెంచి, దాని మీద మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఈస్టు పెరగదు, గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. ఆ ఉదయం తీసిన ప్లేటులో ఖాళీ లేదు. బిళ్ళ అంచుదాకా తెల్లగా పెరిగి కూర్చుంది. ఆ ప్లేటు మా అమ్మది.

దాని మీది పేరు మళ్ళీ చదివాను.

అమ్మ ఆర్యపల్లిలో చేపలు ఎండబెడుతుంది. రోజంతా తడి చీర, పైగా షుగరు. గజ్జల్లో ఈ ఈస్టు దురద తప్పేది కాదు. అక్కడి ఆడవాళ్ళందరిదీ అదే బాధ, సిగ్గుతో ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్ళరు. ఆ బిళ్ళ మీది మందే, మాత్రలుగా, డాక్టరు చీటీ లేకుండా నేనే తెచ్చేదాన్ని. రెండు మింగి, దురద తగ్గగానే అమ్మ మిగిలినవి పక్కిళ్ళకి పంచేసేది. "మందు దాసుకుంటే పాపమే" అనేది. వద్దని ఒక్కసారైనా గట్టిగా అన్నానా? లేదు. అడిగినప్పుడల్లా మళ్ళీ తెచ్చాను. కంచే చేను మేయడమంటే ఇదే!

పోయిన వారం మా ల్యాబున్న ఆసుపత్రిలోనే కడుపు ఆపరేషను జరిగాక అమ్మకి జ్వరం పట్టుకుంది. ఈ మందు ఇదివరకు వాడారా అని డాక్టరు నన్ను అడిగాడు. ల్యాబులో ఉండి నువ్వే ఇచ్చావా అంటాడని భయపడి, లేదన్నాను. నాలుగు రోజులుగా అదే మందు ఎక్కిస్తున్నారు. జ్వరం దిగలేదు.

మా సీనియరు ప్లేటు చూసి పెదవి విరిచింది.

"ఈ ఈస్టు జీను మారిపోయుంటాది. మందు పట్టుకోవాల్సిన చోటే రూపు మారితే ఇంకేం పట్టుకుంటాది? అరకొర మాత్రలకి నీరసపు పురుగులు చస్తాయి, ఇలాంటి మొండివే మిగుల్తాయి."

అమ్మ మాత్రల వల్లే ఇలా అయిందని ఎవరూ రుజువు చెయ్యలేరు. కాదని నేనూ చెప్పలేను. వార్డుకి పరుగెత్తి డాక్టరుకి అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వేరే మందు రాసి, దాన్ని కిడ్నీలు తట్టుకోవాలని, ఇప్పటికే ఆలస్యమైందని మాత్రం అన్నాడు.

అమ్మ చెయ్యి పట్టుకున్నాను. కాలిపోతోంది. నా కళ్ళు చూసి, దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"ఏటే, ఏడుత్తన్నావేటి? ఏ మాత్రలేసుకున్నావని ఆ డాక్టరుబాబు నన్నూ రోజూ అడుగుతన్నాడు. నీ ఉద్యోగం పోద్దేమోనని నానూ సెప్పనేదు. నువ్వు బయపడకు."