కొత్తవారు దయచేసి నిలబడండి

మా చర్చిలో కొత్తవాళ్ళని గుర్తుపట్టడం చాలా తేలిక. ఆరాధన మధ్యలో వాళ్ళని నిలబెడతారు. "ఈ ఆదివారం కొత్తగా వచ్చినవారు దయచేసి నిలబడండి" అని మైకులో ప్రకటిస్తారు. నిలబడి పేరూ ఊరూ చెప్పాలి. అందరూ చప్పట్లు కొడతారు. ఆ తర్వాత ఎవరి పిల్లల్ని వాళ్ళు పిలుచుకుని, ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కుని ఇళ్ళకు పోతారు.

మా అత్తగారు సామర్లకోట నుంచి రామచంద్రపురంలో మా ఇంటికి వచ్చిన కొత్తలో అలాగే నిలబడ్డారు. చప్పట్లు పడ్డాయి. మరుసటి ఆదివారం ఆ ప్రకటన చేసే పెద్దమనిషి సరిగ్గా ఆవిడ వంకే చూస్తూ కొత్తవారిని నిలబడమన్నారు. ఆవిడ మర్యాదస్తురాలు, మళ్ళీ నిలబడ్డారు. మళ్ళీ చప్పట్లు. ఆ పై ఆదివారం నేను చెయ్యి పట్టుకుని ఆపకపోతే ఇంకోసారి కూడా లేచేవారే. చప్పట్లు కొట్టేవాళ్ళకి ఆవిడ కొత్తో పాతో పట్టలేదు. చప్పట్లకు అలవాటుపడిన చేతులు అవి.

బయట ఎవరైనా పలకరించినా వరస ఒకటే. వందనాలండి అంటారు. ఎవరి తాలూకండి అని అడుగుతారు. సామర్లకోట అనగానే అక్కడ తమకు తెలిసిన చుట్టాలను నలుగురైదుగురిని వరసగా అడుగుతారు. మా అత్తగారికి వాళ్ళెవరూ ఏమీ కారని తేలగానే "సంతోషమండి" అని వెళ్ళిపోతారు. చుట్టరికం దొరకని మనిషితో ఏం మాట్లాడాలో మావాళ్ళకు ఎవరూ నేర్పలేదు.

అత్తగారు వెళ్ళిపోతానంటే లోపల్లోపల సంబరపడే కోడళ్ళలో నన్ను కలపకండి. మామగారు పోయాక ఆవిడ సామర్లకోటలో ఒక్కరే ఉండేవారు. వానాకాలంలో ఒకసారి బాత్‌రూంలో జారిపడి, మర్నాడు పొద్దున పాలావిడ తలుపు కొట్టేదాకా నేలమీదే ఉండిపోయారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు భయం. మా ఆయన బతిమాలి తీసుకొచ్చారు. ఆవిడ వచ్చారు గానీ షరతు పెట్టి వచ్చారు.

"క్రిస్మస్ దాకా చూస్తానమ్మా. అప్పటికీ ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి లేకపోతే నా సామర్లకోట నాకుంది."

అన్నట్టుగానే తెచ్చుకున్న బ్యాగు విప్పి సర్దలేదు. మంచం కిందే ఉంచి, కట్టుకునే చీర ఒకటి తీయడం, ఉతికిన చీర ఒకటి అందులో పెట్టడం. బడి నుంచి వచ్చి ఇల్లు ఊడ్చినప్పుడల్లా ఆ బ్యాగు నా చీపురుకు తగిలేది. సామర్లకోట చర్చిలో ఎన్నో ఏళ్ళు స్త్రీల సమాజం వంటలన్నీ దగ్గరుండి చేయించిన మనిషి ఇక్కడ ఆదివారం ఆదివారం గోడవారన కూర్చుని ఫ్యాన్లు చూసి వస్తున్నారు.

నవంబరులో మా చర్చి సంఘానికి ఒక ఆలోచన వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్ళు నాలుగు వారాలు వచ్చి మానేస్తున్నారట, వాళ్ళకు మనవాళ్ళు అనే భావన కలిగించాలట. దానికొక కమిటీ. రిటైరైన హెడ్మాస్టరుగారు కన్వీనరు. నేను టీచర్ని కాబట్టి మైకు పట్టుకోవడానికి నన్నూ వేసుకున్నారు. మా అత్తగారి కోసం సంతోషంగా ఒప్పుకున్నాను. ఇలాంటి వాటికి ఆశపడే వయసు నాకు ఎప్పుడో దాటింది, అయినా ఆశపడ్డాను.

మొదటి మీటింగంతా ఫ్లెక్సీకే సరిపోయింది. "మీరు మా కుటుంబమే" అని పెద్ద అక్షరాలు, కింద కుటుంబం ఫొటోలు. కుటుంబం అంటే కమిటీ. రెండో మీటింగులో ముఖ్య అతిథి ఎవరన్నది తేలలేదు. బియ్యం ఇస్తానన్న మండపేట రైసుమిల్లు యజమానిని పిలుద్దామని మూడో మీటింగులో తేల్చారు. ఆయన మా సంఘం కాదు, మా మతమూ కాదు, కానీ బియ్యం మంచివి. కొత్తవాళ్ళని అందరి మధ్యా కూర్చోబెట్టి, అందరం కలిసి ఒకే పంక్తిలో తిందామని నేనొక ముక్క అన్నాను. కన్వీనరుగారు నన్ను ఒకటో తరగతి పిల్లను చూసినట్టు చూశారు.

"అతిథులండి వాళ్ళు. నలుగురితో పాటు నెట్టేస్తే మర్యాదేముంటుందండి?"

అందరూ తలలూపారు. గోదావరి మర్యాద అనే మాట అక్కడ మూడుసార్లు వినబడింది. ఆ మాట వచ్చాక మావైపు ఎవరూ ఇంకేం మాట్లాడరు.

అనుకున్న ఆదివారం ఆరాధన కాగానే షామియానా కింద సభ పెట్టారు. కొత్తవాళ్ళు నాలుగు కుటుంబాలు. వాళ్ళని జనంలోంచి ఏరి, వేదిక పక్కన పెళ్ళికూతురికి వేసేలాంటి ఎర్ర కుర్చీల్లో కూర్చోబెట్టి, చాతీకి తలా ఒక రిబ్బను బ్యాడ్జి గుచ్చారు. దాని మీద "అతిథి" అని బంగారు రంగు అక్షరాలు. మా అత్తగారు ఆ కుర్చీలో భయం భయంగా, అంచు మీద కూర్చున్నారు. ముఖ్య అతిథిగారు కాలవ నీళ్ళ గురించి, ధాన్యంలో తేమ గురించి తీరుబడిగా మాట్లాడారు. ఆయన్ని అనడానికేం లేదు, ఆయనకు తెలిసింది ఆయన చెప్పారు.

ఆ తర్వాత పరిచయాల ఆట. ఇది కన్వీనరుగారు ఎక్కడో సెమినార్లో నేర్చుకొచ్చింది. కొత్తవాళ్ళ పేర్లు చీటీలు రాసి గిన్నెలో వేస్తారు. సంఘపెద్దలు తలా ఒక చీటీ తీసి, ఆ పేరుగల మనిషి గురించి రెండు మంచి మాటలు చెప్పాలి. ఆ మనిషి ఎవరో తెలియకుండా మంచి మాటలు ఎలా చెబుతారని నేను మీటింగులోనే అడిగాను. ప్రేమ ఉంటే చెప్పొచ్చన్నారు.

మా అత్తగారి చీటీ ఒక పెద్దాయనకు వచ్చింది. ఆయన గొంతు సవరించుకుని, ఆవిడ ఎంతో ప్రార్థనాపరురాలనీ, నిరాడంబర జీవి అనీ, ఎప్పుడూ చిరునవ్వుతో పలకరించేవారనీ, అలాంటివారు మన మధ్య ఉండడం మన భాగ్యమనీ చెప్పారు. చెబుతున్నంత సేపూ నర్సుగా పనిచేసే ఇంకో కొత్తావిడ వంక చూస్తున్నారు. ఆ మాటలు ఆయన ఎక్కువగా ఎక్కడ మాట్లాడతారో మా ఊరివాళ్ళందరికీ తెలుసు. మా అత్తగారు నా వైపు వంగారు.

"నేనింకా పోలేదు కదమ్మా?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మైకు చేతిలో ఉంది కాబట్టి రెండూ మింగాను.

భోజనాలప్పుడు మర్యాద ముదిరింది. అతిథులకు విడిగా బల్ల, దాని మీద తెల్లగుడ్డ, నీళ్ళ సీసాలు. సంఘమంతా తర్వాత తింటుందట, అతిథులు ముందు తినాలట. తినేవాళ్ళు కొద్దిమంది, చుట్టూ నిలబడి చూసేవాళ్ళు నూరుమంది. కమిటీవాళ్ళు గరిటెలు పట్టుకుని, మొహమాటపడకండి అంటూ విస్తళ్ళ మీద వాలిపోయారు. ఒకాయన పలావు వేస్తుంటే ఇంకొకాయన ఫొటో తీశారు. ఫొటో సరిగ్గా రాలేదని మళ్ళీ వేశారు. ఇంతమందిలో ఒక్కరూ ఆ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చోలేదు. కూర్చుంటే అమర్యాద.

నేను ముఖ్య అతిథిగారిని కారు దాకా సాగనంపి వచ్చేసరికి మా అత్తగారి కుర్చీ ఖాళీగా ఉంది. విస్తట్లో తిన్నది రెండు ముద్దలు. నేరుగా ఇంటికెళ్ళి బ్యాగు తీసుకుని స్టేషనుకు పోయారనుకున్నాను. గేటు దాకా పరుగెత్తి చూశాను, రోడ్డు మీద లేరు. వెనక వంటల రేకుల షెడ్డులోంచి ఆడవాళ్ళ గోల వినబడుతుంటే అటు వెళ్ళాను.

పెరుగు చట్నీ అయిపోయిందట. సంఘమంతా ఇంకా తినాలి. ఉల్లిపాయల బస్తా ముందు మా అత్తగారు నిలబడి ఉన్నారు. వంటలు చూసే మా స్త్రీల సమాజం పెద్దావిడ ఆవిడకు అడ్డం పడుతోంది.

"మీరు అతిథండి. మీరు చెయ్యి పెడితే కన్వీనరుగారు మమ్మల్ని బతకనివ్వరు. వెళ్ళి కూర్చోండి."

"అతిథినయ్యాకే కదమ్మా నాతో ఎవరూ మాట్లాడంది. ఆ కత్తిపీట ఇలా జరుపు."

బ్యాడ్జి ఊడదీసి పక్కన పడేసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కూర్చున్నారు. కాసేపటికి పెద్దావిడ వంగి చూసి, ఇంత లావు ముక్కలైతే ఎలా అంది. సామర్లకోటలో ఇలాగే తరుగుతామని మా అత్తగారు అన్నారు. ఇది సామర్లకోట కాదంది పెద్దావిడ. చట్నీ పంటికింద తెలియకపోతే అది చట్నీ ఎలా అవుతుందని మా అత్తగారు గొంతు పెంచారు. పక్కవాళ్ళు రెండు జట్లయ్యారు. మా ఊళ్ళో మా అత్తగారికి దొరికిన మొదటి తగాదా అది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇన్ని నెలలు ఈ షెడ్డు గుమ్మం దాకా ఆవిడను తీసుకురావాలని నాకు తట్టనందుకు, కమిటీ మీద రావలసిన కోపం కొంత నా మీదే వచ్చింది.

అవతల వేదిక మీద సన్మానాలు మొదలయ్యాయి. శాలువాలు అతిథులకు కాదు, కష్టపడిన కమిటీకి. చివర్లో అతిథులకు జ్ఞాపికలు. మా అత్తగారి పేరు మైకులో రెండుసార్లు పిలిచారు. ఆవిడ తల కూడా ఎత్తలేదు, చెయ్యి ఖాళీ లేదని చెప్పమ్మా అన్నారు.

కార్యక్రమం దిగ్విజయంగా జరిగిందని మరుసటి ఆదివారం ప్రకటించారు. ఆ ఉత్సాహంలో కన్వీనరుగారు ఇంకో శుభవార్త కూడా చెప్పారు. ఆ రోజు ఆడవాళ్ళు వంటలతో అలసిపోయారట, ఒక అతిథి కూడా పాపం ఉల్లిపాయలు తరగాల్సి వచ్చిందట. అందుకని క్రిస్మస్ విందు క్యాటరింగువాళ్ళకు ఇచ్చేస్తున్నారట. స్త్రీలు కూడా అతిథుల్లా హాయిగా కుర్చీల్లో కూర్చోవచ్చట. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు షెడ్డులో ఉన్నవాళ్ళు కొట్టలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టేసరికి మా అత్తగారు చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉన్నారు. మంచం కింద ఉండాల్సిన బ్యాగు చేతిలో ఉంది. ఎక్కడికండీ అత్తయ్యగారూ అని అడిగాను.

"హెడ్మాస్టరుగారింటికమ్మా. ఆ క్యాటరింగు మాన్పించేదాకా ఆయన గుమ్మం దిగకూడదనుకున్నాం. పెద్దావిడ వీధి చివర నిలబడి నా పేరు పెట్టి అరుస్తోంది, వినబడట్లేదూ?"

వినబడింది. మరి ఈ బ్యాగెందుకండీ అన్నాను.

"వచ్చేటప్పుడు బజార్లో వెల్లుల్లిపాయలు తేవాలి కదా, దానికి పట్టుకెళ్తున్నా. చీరలు మంచం మీద పడేశాను. నీ బీరువాలో కాస్త చోటు చూసి సర్దు."