బావ ఛాతీ మీది రాయి

పోయిన ఆదివారం జగ్గయ్యపేటలో మేనకోడలితో కలిసి ఓ కరాటే సినిమా రెండో భాగం చూశాను. చూశాననడం సరికాదు, ముప్పావు వంతయ్యాక లేచి బయటికొచ్చేశాను. బతుకంతా సభల్లో వాదిస్తూ గడిపినవాడికి ఈ వయసులో నెత్తుటి సినిమా ఏమిటని నా ఈడువాళ్ళు నవ్వుకోవచ్చు. నందిగామలో టీచరుగా పనిచేస్తున్న ఆ పిల్ల రమ్మంటే నేను కాదనలేను. తండ్రి ఎప్పుడో పోయాడు, తల్లి, మా అక్క, నిరుడు పోయింది.

మెచ్చుకోవలసింది మెచ్చుకోవాలి. మొదటి భాగాన్ని ముందురోజే ఫోనులో చూపించింది; దానికంటే ఇందులో కొట్లాటలు శుభ్రంగా ఉన్నాయి. ఎవరు ఎవర్ని ఎక్కడ కొట్టారో కంటికి ఆనుతుంది. లారీల మధ్య ఒక ఆడమనిషి నలుగురితో తలపడే ఘట్టంలో ఆమె ఆయాసం కూడా కనబడేలా తీశారు, అది చిన్న విషయం కాదు. లోపాలంటారా, పగ పాతదే, కథ పాతదే, పీనుగులు మాత్రం పెరిగాయి. అన్నిటికంటే పెద్ద లోపం, అందులో చచ్చినవాడికి ఇల్లుండదు, దెబ్బతిన్నవాడికి మర్నాడు ఉండదు. హీరో ఛాతీ మీద బండపెట్టి సమ్మెటతో పగలగొడతారు, గురువిచ్చిన మంత్రం మహిమతో అతను దుమ్ము దులుపుకుని లేస్తాడు. హాలంతా ఈలలు వేస్తుంటే నేను లేచొచ్చేసింది అప్పుడే.

మా రోజుల్లో డబ్బింగు కరాటే సినిమాలు నందిగామ టూరింగు టాకీసులో ఆడేవి. ఆ మోజు చూసే కాబోలు, ఒక స్వామి జగ్గయ్యపేటలో దిగి, ఛాతీ మీద నాపరాయి పగలగొట్టించుకుని, అదంతా మంత్రబలమని చెప్పి తాయెత్తులు కట్టడం మొదలుపెట్టాడు. నేనప్పుడు కొత్తగా మేష్టరునయ్యాను, నెత్తురు ఉడుకు మీదుంది. అందులో మంత్రమేమీ లేదనీ, రాయి ఎంత బరువైతే మనిషికి అంత క్షేమమనీ, దెబ్బ ఆ బరువులోనే ఇంకిపోతుందనీ ఊరూరా ఉపన్యాసాలిచ్చాను. చెబితే నమ్మరని, నందిగామ సెంటర్లో చేసి చూపిస్తానని సవాలు చేశాను. పడుకోవడానికి అక్క మొగుడు సిద్ధమయ్యాడు. రాళ్ళ క్వారీలో పనిచేసే మనిషి, సినిమా పిచ్చోడు, నా మాటంటే గురి. జానెడు మందం బండ క్వారీ నుంచి బండి మీద పంపించే ఏర్పాటు చేశాడు.

ఇంతమందికి చెప్పిన నేను అక్కకు మాత్రం ఒక్క ముక్క విడమర్చి చెప్పలేదు. ఆడవాళ్ళకు చదువుండాలని వేదికలెక్కి అరిచేవాణ్ణే, ఇంట్లో ఆమె భయంతో ఏదో అడగబోతే నీకు తెలియదులే ఊరుకోమన్నాను. ఆమె ఊరుకోలేదు. అంత బండ ఆయన మోయలేడని, క్వారీవాళ్ళను బతిమాలి, బండిలోది మార్పించి పల్చటి పలక వేయించింది.

సవాలు రోజున నేను సమ్మెట పట్టుకునేసరికి బావ అప్పటికే నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఇద్దరు ఎత్తి ఛాతీ మీద పెడుతుంటే చూశాను. రాయి బెత్తెడు కూడా లేదు. ఆపాలని నోటిదాకా వచ్చింది. గుంపులోంచి ఎవరో, "ఏం మేష్టారూ, చెయ్యి వణుకుతోందా? స్వామిని పిలవమంటారా?" అన్నారు. నవ్వులు లేచాయి.

కిందనుంచి బావ, "కానీ బావమరిదీ, మీ అక్క పులుసు తిని బతికినోణ్ణి, ఇదెంత?" అన్నాడు.

కొట్టాను.

రాయి పగిలింది, చప్పట్లు కొట్టారు. బావ లేవలేదు. పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తిలో దిగాయని బెజవాడ ఆసుపత్రిలో చెప్పారు. బతికాడుగాని మళ్ళీ క్వారీకి పోలేదు, దగ్గులేకుండా ఒక పూట గడపలేదు. ఆ స్వామి దగ్గరే తాయెత్తు తెమ్మని అక్క ఏడిస్తే, నేను వెళ్ళి వరసలో నిలబడి తెచ్చాను. నన్ను గుర్తుపట్టి కూడా అతను ఏమీ అనలేదు. ఒక మాట అని తిట్టినా బాగుండేది. రాయి పల్చగా ఉండబట్టే ఇలా అయిందని నా నోటే విన్నాక, బావ పోయేదాకా, పోయాక కూడా, పల్చటి రాయి వేయించి మొగుణ్ణి నేనే చంపుకున్నానని అక్క వచ్చినవాళ్ళందరితో అనేది. రాయి పల్చగా ఉందని చూసే కొట్టానని నేను ఒక్కనాడూ నోరు విప్పలేదు.

ఆదివారం సినిమా వదిలాక ఆ పిల్ల నన్ను వెతుక్కుంటూ బస్టాండుకొచ్చి, ఎందుకు లేచొచ్చావు, అంత బాగోలేదా అని అడిగింది. అక్కడే బెంచీ మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. నందిగామ బస్సు వచ్చాక ఆ పిల్ల సంచీ భుజాన వేసుకుని లేచి, "అమ్మకి చెప్పాల్సింది మామయ్యా, నాకు కాదు," అంది. బస్సెక్కింది. కిటికీలోంచి చూస్తుందేమోనని నిలబడ్డాను, చూడలేదు. ఫోను చేస్తే ఇప్పటిదాకా ఎత్తలేదు.

ఆనాటి సభలు ఇప్పుడు లేవు. సవాళ్ళు లేవు, నడిబజారులో నిలదీసేవాళ్ళూ లేరు, కాలం చల్లబడిపోయిందని మావాళ్ళు బాధపడుతుంటారు. ఎవరు చెప్పినా ప్రశ్నించందే నమ్మొద్దని ఈ తాలూకా అంతా తిరిగి చెప్పాను, చాలామంది నేర్చుకున్నారు, కొందరు నన్నే ప్రశ్నించారు. అక్క మాత్రం నేను చెప్పినవన్నీ నమ్మింది. సమ్మెట ఎత్తినప్పుడు నీ కళ్ళెక్కడున్నాయి తమ్ముడూ అని, అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.